కణితిలో గాలి అందని చోటు: చిత్రము చెప్పేది, చెప్పనిది

శ్రీరాంపూరు బొగ్గుగనుల ఊరు. పూర్వము ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు నుంచి మంచిర్యాల జిల్లాలో ఉన్నది. ఆ ప్రాంతములో ఒక ఉన్నత పాఠశాల పిల్లలు ఏర్పాటు చేసిన వైజ్ఞానిక ప్రదర్శనను చూడడానికి వెళ్ళాను. ఒక బల్లమీద అట్టలతోను, మట్టితోను చేసిన భూగర్భగని నమూనా, దాని ప్రక్కన ఒక ఇత్తడి రక్షణదీపము ఉన్నవి. రెండవ బల్లమీద గోడకు ఆనించి ఒక పెద్ద పటము పెట్టినారు. అందులో మనిషి మెడ అడ్డుకోత చిత్రము. దాని నడుమ నీలము, పసుపు, ఎఱుపు రంగుల మచ్చలు. పైన ‘కాన్సరు గడ్డలో ప్రాణవాయువు’ అని శీర్షిక. క్రింద మూడు వాక్యాలు:

‘ప్రాణవాయువు అందని కణము చనిపోతుంది.’

‘ఎఱ్ఱగా కనిపించేది వాయువు అందని చోటు, రంగు లేనిది ఆరోగ్యముగా ఉన్న చోటు.’

‘ఈ చిత్రము తీయుటవలన కాన్సరు నయమవుతుంది.’

పటమును తయారుచేసిన బాలిక చక్కగా, తడబడకుండా వివరించింది. వినేవారిలో గనిలో మైనింగు సర్దారుగా పనిచేసి విరమించిన ఒక పెద్దాయన ఉన్నారు. షిఫ్టు మొదలయ్యేముందు దీపము పట్టుకొని పోయి, పనిచోట గాలి సరిగా ఉన్నదో లేదో చూచివచ్చే బాధ్యత సర్దారుది. ఆయన అంతా విని, ‘బిడ్డా, గాలి లేదని ఎరుకైంది. ఎరుకైనంక ఏం చేస్తరు?’ అని అడిగినారు. ‘మందిస్తరు తాతా’ అన్నది ఆ అమ్మాయి. ‘ఏం మందు?’ అని ఆయన మళ్ళీ అడిగినారు. ఆమె పటమువైపు చూచింది. పటములో దానికి జవాబు లేదు.

ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఆ మూడు వాక్యాలను ఒక్కొక్కటిగా పరీక్షించి చూడడమే ఈ వ్యాసము ఉద్దేశము. తప్పు ఆ బాలికది కాదు. ఆమె ఎక్కడో చదివినదే వ్రాసింది. అట్టి వాక్యాలు మన పాఠాలలో, వార్తలలో, ఉపన్యాసాలలో తిరుగుతూనే ఉన్నవి. వాటిని నమ్మి ఆశపడేవారు రోగులు, వారి ఇంటివారు. కనుక పరీక్ష కొంచెము గట్టిగానే ఉండాలి.

పేరులోనే పొరపాటు

మొదటి వాక్యములోని దోషము పేరునుంచే పుట్టినది. ఆక్సిజనుకు మనకు రెండు తెలుగు పేర్లున్నవి: ఆమ్లజని, ప్రాణవాయువు. మొదటిది లవోయిజే పెట్టిన పేరుకు అనువాదము. ఆమ్లాలన్నిటిలోను ఈ వాయువు ఉంటుందని ఆయన తలచినాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లములో ఈ వాయువు లేనేలేదని 1810 ప్రాంతములో హంఫ్రీ డేవీ నిరూపించినాడు. గనులలో వాడే రక్షణదీపమును 1815లో నిర్మించినదికూడా ఆ డేవీయే. ఆమ్లజని అనే పేరు తప్పని తేలినా, పేరు మాత్రము నిలిచిపోయినది. దానివలన ఎవరికీ పెద్ద నష్టము కలగలేదు.

రెండవ పేరు సంగతి వేరు. ప్రాణవాయువు అనగానే, అది లేకపోతే ప్రాణము పోతుందని మనసు తానే తీర్మానిస్తుంది. మనిషి విషయములో అది నిజమే. మెదడు కణాలు కొద్ది నిమిషాలకు మించి ఓర్వలేవు. కాని కాన్సరు కణాలలో కొన్ని అట్లా చావవు. చావకపోవడమే ఇక్కడ కథ అంతా.

కణితి పెరిగినంత వేగముగా దానిలో రక్తనాళాలు పెరగవు. పెరిగినవికూడా వంకరటింకరగా, కారుతూ, మధ్యమధ్య మూసుకొనిపోతూ ఉంటవి. నాళమునుంచి ఆమ్లజని కణజాలములోనికి ఊరుతూ పోవాలి. దారిలోని ప్రతి కణమూ తన వంతు త్రాగుతుంది. 1955లో ఇంగ్లండులో టామ్లిన్సన్, గ్రే అనే పరిశోధకులు ఊపిరితిత్తుల కాన్సరు ముక్కలను సూక్ష్మదర్శినిలో కొలిచి చూచి ఒక క్రమమును కనిపెట్టినారు. రక్తము అందే అంచునుంచి సుమారు 0.15 మిల్లీమీటరు దాకా కణాలు బ్రతికి ఉన్నవి. అంతకు మించిన లోతున చచ్చిన కణాల రాశి ఉన్నది. ఈ రెంటికీ నడుమ ఒక సన్నని పొర ఉంటుంది. ఆ పొరలోని కణాలు చావలేదు. కాని వాటికి ఆమ్లజని దాదాపు అందడము లేదు. మనకు ముఖ్యమైనది ఆ పొరయే.

ఎందుకనగా, కాన్సరు చికిత్సలో వాడే ఎక్స్‌కిరణాలకు ఆమ్లజని తోడు కావాలి. కిరణము తగిలినప్పుడు కణములోని డి.ఎన్.ఏ.మీద ఎంతో చురుకైన రసాయన ఖండాలు పుడతవి. ఆమ్లజని దగ్గర ఉంటే వాటితో కలిసి, ఆ గాయమును మానరానిదిగా చేస్తుంది. ఆమ్లజని లేకపోతే కణములోని ఇతర పదార్థాలు గాయమును మాన్పుకొనేందుకు వీలు కలుగుతుంది. ఫలితముగా ఆమ్లజని లేని కణమును చంపడానికి సుమారు రెండున్నర నుంచి మూడు రెట్ల కిరణ మోతాదు కావలసివస్తుంది. గ్రే, అతని సహచరులు 1953లో ప్రకటించిన వ్యాసము ఈ సంగతిని చికిత్సకులందరి దృష్టికి తెచ్చినది.

అంతేకాదు. ఆమ్లజని తగ్గినదని కణము తానే గుర్తించి, కొన్ని జన్యువులను మేల్కొల్పి, క్రొత్త రక్తనాళాలను పిలిపించుకొంటుంది. ఈ ఏర్పాటును విప్పిచెప్పిన సెమెంజా, రాట్‌క్లిఫ్, కేలిన్ అనే ముగ్గురికి 2019లో వైద్యశాస్త్రపు నోబెలు బహుమానము లభించినది. కాన్సరు కణము ఈ ఏర్పాటును తన విస్తరణకు వాడుకొంటుంది. 1996లో జర్మనీలో హాకెల్, ఆయన తోటివారు గర్భాశయ ముఖద్వారపు కాన్సరులో సన్నని సూది విద్యుద్వాహకముతో ఆమ్లజనిని కొలిచినారు. కొలత 10 పాదరస మిల్లీమీటర్లకంటె తక్కువగా ఉన్న కణితులు గల రోగులు ఎక్కువగా నష్టపోయినారు. కిరణచికిత్స పొందినవారే కాక, శస్త్రచికిత్స చేయించుకొన్నవారుకూడా అట్లే నష్టపోయినారు. అనగా కొరత కిరణాలకు అడ్డుపడటమే కాదు, కణితి స్వభావమునే క్రూరము చేస్తున్నది.

10 మిల్లీమీటర్లు అంటే ఎంత? గాలి పీడనము 760. అందులో ఆమ్లజని వంతు 21 శాతము, అంటే సుమారు 160. ధమనులలోని రక్తములో అది సుమారు 95. దేహమంతా తిరిగి గుండెకు మరలివచ్చే రక్తములోకూడా 40 మిగిలి ఉంటుంది. 10కి దిగువన, ముఖ్యముగా 3 ప్రాంతములో, కిరణాల బలము సగానికి సగము సన్నగిల్లుతుంది. అక్కడకూడా కాన్సరు కణము బ్రతికే ఉంటుంది.

కాబట్టి ‘ప్రాణవాయువు అందని కణము చనిపోతుంది’ అన్న మాట సగమే నిజము. బొత్తిగా అందనిది చనిపోతుంది. చాలీచాలక అందినది మొండిదై మిగిలిపోతుంది. ఆ మిగిలినదే రేపు కణితిని మళ్ళీ మొలిపిస్తుంది.

రంగులో ఉన్నది, రంగులో లేనిది

ఇక రెండవ వాక్యము. సూదితో కొలిచే పద్ధతిలో ప్రతిసారీ కణితిని పొడవాలి. లోపలి అవయవాలకు అందదు. పైగా పొడిచిన చోటి సంగతే తెలుస్తుంది. అందువలన పొడవకుండా చూచే మార్గముకోసము వెదికినారు. వాటిలో ఎక్కువ పరీక్షకు నిలిచినది ఫ్లోరోమిసోనిడజోల్ అనే పదార్థముతో తీసే పెట్ చిత్రము.

ఈ పదార్థము మన ఊళ్ళలోని మందుల దుకాణాలలో దొరికే మెట్రోనిడజోల్ కుటుంబములోనిదే. దీనికి రేడియోధార్మికమైన ఫ్లోరీన్-18 పరమాణువును తగిలిస్తారు. నరములోనికి ఎక్కించగానే అది అన్ని కణాలలోనికీ పోతుంది. ప్రతి సజీవకణములోను కొన్ని ఎంజైములు దానికి ఒక ఎలక్ట్రానును ఇస్తవి. ఆమ్లజని ఉంటే ఆ ఎలక్ట్రానును తాను లాగుకొంటుంది. పదార్థము యథారూపము పొంది కణమునుంచి బయటికి వెళ్ళిపోతుంది. ఆమ్లజని లేకపోతే మార్పు ముందుకు సాగి, ఆ పదార్థము కణములోని మాంసకృత్తులకు అంటుకొని అక్కడే చిక్కుకొంటుంది. రెండు నుంచి నాలుగు గంటలు ఆగి చిత్రము తీస్తారు. ఫ్లోరీన్-18 విడుదల చేసే పాజిట్రాను ఒక ఎలక్ట్రానును కలిసి నశించి, ఎదురెదురు దిశలలో రెండు గామా కిరణాలను పంపుతుంది. ఆ జంటలను పట్టి లెక్కించి, ఎక్కడ ఎక్కువ చిక్కుకొన్నదో గణితముద్వారా పటము గీస్తారు.

యుక్తి చాలా అందమైనది. ఇంతవరకు అంగీకరించవలసినదే. ఇప్పుడు దోషాలు చూద్దాము.

మొదటిది: ఎఱుపు రంగు గడ్డలో లేదు, గణనయంత్రములో ఉన్నది. రక్తములోనో కండరములోనో ఉన్న పదార్థముతో పోల్చి, ఇన్ని రెట్లు మించితే ఎఱుపు అని మనుషులు నిర్ణయించినారు. హద్దును కొంచెము జరిపితే మచ్చ పెరుగుతుంది, లేదా తరుగుతుంది. ఇది ఆమ్లజని కొలత కాదు; ఆమ్లజని లేమివలన చిక్కుకొన్న ఒక పదార్థపు కొలత.

రెండవది: రంగు లేని చోటు ఆరోగ్యముగా ఉన్నదని చెప్పరాదు. ఎలక్ట్రానును ఇచ్చే ఎంజైములు బ్రతికిన కణములోనే పనిచేస్తవి. చచ్చిన కణాల రాశిలో ఈ పదార్థము చిక్కుకొనదు. కాబట్టి చిత్రములో చీకటిగా ఉన్న చోట ఆమ్లజని సమృద్ధిగా ఉండవచ్చు, లేదా అక్కడ ప్రాణమే లేకపోవచ్చు. రక్తము బొత్తిగా చేరని చోటికి పదార్థముకూడా చేరకపోవచ్చు. గనిలో దీపము ఆరితే సర్దారు వెంటనే గాలి చెడినదని వెనుకకు వస్తాడు. కాని నూనె అయిపోయినా, దీపము క్రింద పడినా అది ఆరుతుందని ఆయనకు తెలుసు. ఒకే గుర్తుకు రెండు మూడు కారణాలుండవచ్చునని తెలిసినవాడే గుర్తును చదవగలడు.

మూడవది: కొలమానము. గ్రే కనుగొన్న దూరము 0.15 మిల్లీమీటరు. పెట్ యంత్రము విడివిడిగా చూడగలిగినది సుమారు 4 మిల్లీమీటర్లు, అనగా దానికి 25 రెట్లకంటె ఎక్కువ. చిత్రములోని ఒక్కొక్క చుక్కలో లక్షలాది కణాలు, నాళాలు, మొండి పొరలు, చచ్చిన రాశులు అన్నీ కలగలిసి ఉంటవి. చుక్క చెప్పేది వాటి సరాసరి మాత్రమే. తరగతి సరాసరి మార్కులు చూచి, తప్పిన విద్యార్థి ఎవరో చెప్పడము ఎంత కష్టమో ఇదీ అంతే.

నాలుగవది: కాలము. కణితిలోని నాళాలు మూసుకొంటూ తెరచుకొంటూ ఉంటవి. కొన్ని చోట్ల ఆమ్లజని నిమిషాలలో పెరుగుతుంది, తరుగుతుంది. గంటలపాటు పోగైన చిత్రములో ఈ ఒడిదుడుకులు కనిపించవు.

ఈ చివరి సంగతిని స్పష్టము చేసిన పరిశోధనలలో మనకు పరిచితమైన ఇంటిపేరు ఒకటి కనిపిస్తుంది. అమెరికా జాతీయ కాన్సరు సంస్థలో చెరుకూరి మురళీకృష్ణ, ఆయన తోటి శాస్త్రజ్ఞులు ఎలక్ట్రాన్ అనుచుంబక అనునాదము అనే పద్ధతిని కణితులకు వర్తింపజేసినారు. ఆమ్లజని అణువులో జతకూడని ఎలక్ట్రానులు రెండు ఉన్నవి. అందుచేత అది చిన్న అయస్కాంతమువలె ప్రవర్తిస్తుంది. అట్టి ఎలక్ట్రాను గల ఒక హానిలేని పదార్థమును దేహములోనికి ఎక్కించితే, సమీపములోని ఆమ్లజని ఎంత ఉన్నదో అంతగా దాని సంకేతపు గీత వెడల్పవుతుంది. వెడల్పును కొలిచి ఆమ్లజనిని నేరుగా పాదరస మిల్లీమీటర్లలో చెప్పవచ్చు. 2008లోను, 2010లోను వెలువడిన వ్యాసాలలో ఈ బృందము ఎలుకల కణితులలో ఆమ్లజని పటాలను, కొద్ది నిమిషాలలో మారే హెచ్చుతగ్గులను చూపినది. ఇది నిజమైన కొలత. పెట్ చిత్రముకంటె ఆ విషయములో మేలైనది. అయితే అది ఎలుకలలో చేసిన పని. మనిషి దేహము పెద్దది. లోతునుంచి సంకేతము అందుకోవడము కష్టము. ‘ఎలుకలో’ అన్న చిన్న మాటను వదలివేసి వార్త వ్రాయడము మన పత్రికలకు అలవాటు. ఆ ఒక్క మాటలో సంవత్సరాల దూరమున్నది.

మరొక పొరపాటునుకూడా ఇక్కడే చెప్పాలి. మన నగరాలలో కాన్సరు రోగులకు మామూలుగా తీసే పెట్ చిత్రము గ్లూకోజువంటి పదార్థముతో తీసేది. అది కణాలు చక్కెరను ఎంత వాడుకొంటున్నవో చూపుతుంది. ఆమ్లజని సంగతి చెప్పదు. పెట్ అనే పేరు ఒకటే అయినా ప్రశ్న వేరు. ఏ పదార్థము ఎక్కించినారో చెప్పకుండా ‘పెట్ తీసినారు’ అనడము, ఏ లిట్మసో చెప్పకుండా కాగితము రంగు మారిందనడమువంటిది.

తెలిసిన తరువాత ఏమి?

ఇక సర్దారుగారి ప్రశ్న. నిజానికి మూడవ వాక్యమునకు అదే సరియైన పరీక్ష.

బొగ్గుగనుల నిబంధనల ప్రకారము పనిచోట గాలిలో ఆమ్లజని 19 శాతమునకు తగ్గరాదు. దీపము సుమారు 16, 17 శాతము దగ్గర ఆరిపోతుంది. ఆరగానే మనుషులను వెనుకకు రప్పిస్తారు, గాలి మళ్ళిస్తారు, దారి మూసివేస్తారు. దీపము విలువ దాని వెలుగులో లేదు. ఆరిన తరువాత చేయవలసిన పని ముందే నిర్ణయమై ఉండడములో ఉన్నది. కణితి చిత్రమునకు అట్టి నిర్ణయమున్నదా?

ఒక ఉదాహరణ చూడండి. టిరపజమిన్ అనే మందు ఆమ్లజని లేని కణాలలోనే విషముగా మారుతుంది. ఆస్ట్రేలియాలో తల, మెడ కాన్సరులు గల 45 మంది రోగులకు ముందుగా ఫ్లోరోమిసోనిడజోల్ చిత్రము తీసినారు. 32 మందిలో ఆమ్లజని కొరత కనిపించినది. కొరత ఉన్నవారిలో టిరపజమిన్ లేని చికిత్స పొందిన 13 మందిలో 8 మందికి ఆ చోటనే వ్యాధి తిరగబెట్టింది. టిరపజమిన్ ఇచ్చిన 19 మందిలో ఒక్కరికే తిరగబెట్టింది. 2006లో ఈ ఫలితము వెలువడినప్పుడు ఎంత ఆశ కలిగి ఉంటుందో ఊహించవచ్చు.

తరువాత ఇదే మందును 861 మంది రోగులలో పరీక్షించినారు. ఫలితము 2010లో ప్రకటించినారు. రెండు సంవత్సరాల తరువాత జీవించి ఉన్నవారు మందు లేని పక్షములో 65.7 శాతము, మందు ఇచ్చిన పక్షములో 66.2 శాతము. అనగా తేడా లేదు. కాని ఈ పెద్ద పరీక్షలో ఎవరి కణితిలో కొరత ఉన్నదో చిత్రము తీసి ఏరుకొనలేదు, అందరికీ ఇచ్చినారు. చిత్రమున్న చోట రోగులు కొద్దిమంది. రోగులు ఎక్కువమంది ఉన్న చోట చిత్రము లేదు. మందు పనికిరానిదో, తగనివారికికూడా ఇచ్చినందువలన మేలు మరుగుపడినదో ఈ రెండు పరీక్షలనుంచి తేల్చలేము.

అదే పెద్ద పరీక్షనుంచి మరొక సంగతి బయటపడినది. దానిని ప్రతి ఉపాధ్యాయుడూ గుర్తుంచుకోవాలి. కిరణచికిత్స పథకమును లోపాలతో, వ్యాధికి హాని కలిగేటంతగా అమలు చేసినచోట రెండేళ్ళ తరువాత బ్రతికి ఉన్నవారు 50 శాతము. నియమము ప్రకారము చేసినచోట 70 శాతము. క్రొత్త మందువలన రాని తేడా, చేసే పనిని సరిగా చేయుటవలన వచ్చినది.

డెన్మార్కువారి అనుభవము వేరు. నిమొరజోల్ అనే మందు ఆమ్లజని చేయవలసిన పనిని కొంతవరకు తాను చేసి, కిరణాలకు తోడ్పడుతుంది. ఇదికూడా మెట్రోనిడజోల్ కుటుంబములోనిదే. గొంతు కాన్సరులు గల 400 మందికి పైగా రోగులలో చేసిన పరీక్ష ఫలితము 1998లో వచ్చినది. ఐదేళ్ళ తరువాత వ్యాధి అదుపులో ఉన్నవారు మందు ఇచ్చినవారిలో 49 శాతము, ఇవ్వనివారిలో 33 శాతము. ఇక్కడ చిత్రము తీయలేదు. కాని కొరత నిజమని, దానిని ఎదుర్కొనవచ్చునని ఈ అంకెలు చెబుతున్నవి.

చిత్రమును చూచి మోతాదు తగ్గించిన సందర్భముకూడా ఉన్నది. న్యూయార్కులో పాపిలోమా వైరసువలన కలిగే గొంతు కాన్సరుకు, ముందు శస్త్రచికిత్సతో మూలపు గడ్డను తీసివేసి, తరువాత ఫ్లోరోమిసోనిడజోల్ చిత్రము తీసినారు. కొరత లేనివారికి, లేదా చికిత్స మొదలైన కొద్దిరోజులలో కొరత పోయినవారికి, మామూలుగా ఇచ్చే 70 గ్రేల కిరణ మోతాదుకు బదులు 30 గ్రేలే ఇచ్చినారు. (మోతాదు కొలతకు పెట్టిన ఈ పేరు పైన చెప్పిన గ్రే పేరే.) 2024లో ప్రకటించిన లెక్కలో 152 మందిలో 128 మంది తగ్గించిన మోతాదు పొందినారు. రెండేళ్ళకు ఆ 152 మంది మొత్తములో 94.7 శాతము మందిలో వ్యాధి అదుపులోనే ఉన్నది. మోతాదు తగ్గితే నోరు ఎండిపోవడము, మ్రింగలేకపోవడమువంటి బాధలు తగ్గుతవి. ఇది సర్దారుగారు మెచ్చుకొనే ఉదాహరణ. గుర్తు కనిపించింది, దానిని అనుసరించి ఒక పని జరిగింది.

అయినా దీనిని తెచ్చి మన రోగులకు వెంటనే తగిలించరాదు. వైరసువలన కలిగే గొంతు కాన్సరు కిరణాలకు సులభముగా లొంగుతుంది. మన దేశములో నోటి, గొంతు కాన్సరులకు ప్రధాన కారణాలు పొగాకు, వక్క. వాటి స్వభావము వేరు. న్యూయార్కు లెక్క మంచిర్యాలకు సరిపోతుందని ఎవరైనా చెబితే, ఋజువు ఏదని అడగాలి.

ఇక్కడినుంచి చూస్తే

ఒక చిన్న లెక్క పిల్లలచేత చేయించవచ్చు. ఫ్లోరీన్-18 అర్ధజీవితకాలము సుమారు 110 నిమిషాలు. దానిని తయారుచేయడానికి సైక్లోట్రాన్ యంత్రము కావాలి. హైదరాబాదునుంచి శ్రీరాంపూరుకు సుమారు 250 కిలోమీటర్లు. దారిలో ఐదు గంటలు పట్టినదనుకొందాము. 300 నిమిషాలంటే 2.7 అర్ధజీవితాలు. బయలుదేరినప్పుడు 100 పాళ్ళున్నది, చేరేసరికి 15 పాళ్ళు. ఆ తరువాత దేహములో రెండు మూడు గంటలు ఆగాలి. కనుక పదార్థము రోగి దగ్గరకు రాదు. రోగియే నగరమునకు పోవాలి. దినకూలి వదులుకొని, తోడు మనిషిని వెంటబెట్టుకొని పోవాలి. ‘ఈ చిత్రము తీయుటవలన నయమవుతుంది’ అన్న వాక్యము అతనిచేత అప్పుచేయించగలదు. వాక్యములోని పొరపాటు పటముమీదనే ఆగిపోదు.

ఇప్పుడు చిత్రము లేకుండా చేయగలిగినది ఏమిటో చూద్దాము. ఈ జిల్లాల అడవులలో తునికాకు ఏరుతారు. ఆ ఆకుతో బీడీలు చుడతారు. బీడీ పొగలో కార్బన్ మోనాక్సైడు ఉన్నది. గని కార్మికులకు దీనిని పరిచయము చేయనక్కరలేదు. గనిలో నిప్పు అంటుకొన్నప్పుడు ప్రాణాలు తీసేది ఆ వాయువే. అది రక్తములోని హీమోగ్లోబిన్‌ను ఆమ్లజనికంటె 200 రెట్లకు మించిన పట్టుతో పట్టుకొంటుంది. ఆ మేరకు ఆమ్లజనికి చోటుండదు. 1993లో కెనడానుంచి వెలువడిన ఒక పరిశీలన ప్రకారము, తల, మెడ కాన్సరుకు కిరణచికిత్స పొందుతూ పొగత్రాగడము మానని రోగులలో 45 శాతము మందికే కణితి పూర్తిగా కరిగినది; చికిత్స కాలములో త్రాగనివారిలో 74 శాతము మందికి కరిగినది. ఈ తేడాకు మోనాక్సైడు ఒక్కటే కారణమని రుజువు కాలేదు. పొగ మాననివారికి ఇతర బలహీనతలుకూడా ఉండవచ్చు. అయినప్పటికీ పొగ మానినందువలన నష్టము లేదు, ఖర్చు అంతకన్నా లేదు.

అట్లని సహజబుద్ధికి తోచినదెల్ల నిజమనుకోరాదు. రక్తహీనత ఉంటే ఆమ్లజని తక్కువ అందుతుంది గదా, ఎఱ్ఱకణాలను పెంచే హార్మోను ఇస్తే మేలు కలగాలి గదా అని తల, మెడ కాన్సరు రోగులకు ఎరిత్రోపొయిటిన్ ఇచ్చి చూచినారు. 2003లో వచ్చిన ఫలితము తలక్రిందులైనది: హీమోగ్లోబిన్ పెరిగినది, కాని వ్యాధి ఎక్కువమందిలో ముదిరినది. తర్కము బాగున్నంత మాత్రాన చాలదు, పరీక్షకు నిలవాలి. ‘ఆక్సిజను ఎక్కువగా పీల్చితే కాన్సరు పోతుంది’ అని ప్రచారము చేసేవారికి ఇదే సమాధానము.

తరగతిలో ఒక ప్రయోగము

పెట్ యంత్రము పాఠశాలకు రాదు. కాని దాని సూత్రమును, దాని దోషమునుకూడా రెండు పరీక్షనాళికలలో చూపవచ్చు. గోరువెచ్చని నీటిలో కొంచెము చక్కెర, రొట్టెలకు వాడే ఈస్టు కలిపి, కొంతసేపు ఉంచి, కొన్ని చుక్కల మిథిలీన్ బ్లూ ద్రావణము వేయండి. రెండవ నాళికలో అదే ఈస్టును ముందుగా బాగా మరిగించి, చల్లార్చి, అంతే రంగు వేయండి. రెంటినీ కదలించకుండా ఉంచండి. మొదటి నాళికలో ఈస్టు ఆమ్లజనిని వాడుకొన్నకొద్దీ క్రింది భాగములో నీలిరంగు పోతుంది. గాలి తగిలే పైఅంచున మాత్రము నీలి ఉంగరము నిలుస్తుంది. ఆ ఉంగరము మందమే ఆమ్లజని ఊరగలిగిన దూరము. నాళికను కుదిపితే నీలిరంగు మళ్ళీ వస్తుంది.

రెండవ నాళికలో రంగు పోదు. నీలిరంగు ఆమ్లజనికి గుర్తు అనుకొన్న విద్యార్థి, ఆ నాళికలోని ఈస్టు ఆరోగ్యముగా ఉన్నదనుకొంటాడు. నిజానికి అది చచ్చినది. పటములోని రెండవ వాక్యము ఎందుకు తప్పో ఆ నాళిక చెబుతుంది, ఉపన్యాసము అక్కరలేదు.

ఆ బాలిక పటమును చింపివేయనక్కరలేదు. ఆమె ఎన్నుకొన్న విషయము గొప్పది. చిత్రము శ్రద్ధగా వేసినది. మూడు వాక్యాలు మార్చితే చాలు. నేను వ్రాస్తే ఇట్లా వ్రాస్తాను:

‘ఆమ్లజని చాలీచాలక అందిన కాన్సరు కణము చావకుండా, కిరణాలకు లొంగకుండా మిగలవచ్చు.’

‘ఎఱ్ఱగా కనిపించేది, ఆమ్లజని కొరతవలన ఒక పదార్థము చిక్కుకొన్న చోటు, రంగు లేనిచోట ఆమ్లజని ఉండవచ్చు, లేదా కణాలు చచ్చి ఉండవచ్చు.’

‘ఈ చిత్రము వ్యాధిని నయము చేయదు, ఎవరికి ఏ చికిత్స తగునో నిర్ణయించడానికి తోడ్పడుతుందా అని ఇంకా పరీక్షిస్తున్నారు.’

మూడవ వాక్యము మొదటిదానంత ఆకర్షణీయముగా లేదని ఎవరైనా అనవచ్చు. కాని సర్దారుగారు మళ్ళీ వచ్చి ‘ఎరుకైనంక ఏం చేస్తరు?’ అని అడిగితే, ఆ అమ్మాయి ఈసారి పటమువైపు చూడకుండానే జవాబు చెప్పగలదు.